ఎర్రచుక్క పడిన మిషన్

మా తాతయ్య రోజూ పొద్దున్న టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మెట్లు దిగి కింద వర్క్‌షాపులోకి వెళతారు. కిటికీ పక్కనున్న టేబుల్ ముందు కూర్చుంటారు. దాని మీద ఒక లెక్కల మిషన్ ఉంటుంది. కప్పిన గుడ్డ తీసి మడతపెట్టి, తొమ్మిది అని ఉన్న మీట నొక్కి, పక్కనున్న పిడిని కిందికి లాగుతారు. తర్వాత ఒకటి నొక్కుతారు. ఈసారి పిడి లాగేముందు మిషన్ మూత మీద ఎడమ చెవి ఆన్చి కళ్ళు మూసుకుంటారు. పిడి లాగాక కూడా చెవి తీయకుండా కాసేపు అలాగే ఉండిపోతారు. తర్వాత గుడ్డ కప్పేసి పేపరు తెరుస్తారు.

ఆ కాసేపూ వర్క్‌షాపులో ఎవరూ ఆయన వైపు చూడరు. అమ్మయితే చేతిలో పని వదిలేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక గదిలోకి వెళ్ళిపోతుంది.

అలాంటి మిషన్లను తయారుచేసింది తాతయ్యే. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. మీటలు నొక్కి పిడి లాగితే లోపల పళ్ళచక్రాలు తిరిగి, పైన చిన్న అద్దంలో మొత్తం కనబడుతుంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల షాపుల్లో, ఆఫీసుల్లో, బస్సు టికెట్ల కౌంటర్లలో మా మిషన్లే ఉండేవి. మిషన్ అంచున కంపెనీ పేరు ఉన్నా ఎవరూ ఆ పేరుతో అడిగేవారు కాదు. "ఇంజనీరు గారి మిషన్" అనేవారు.

తాతయ్య మొదట ఒక పెద్ద కంపెనీలో పనిచేసేవారు. బయటి దేశాల నుంచి వచ్చిన మిషన్లు పాడైతే ఆఫీసులకు వెళ్ళి బాగుచేయడం ఆయన ఉద్యోగం. విరిగిన పార్టు ఓడలో రావాలి. అది వచ్చేదాకా గుమాస్తాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవారు. ఒకసారి ఒక చక్రం ఎంతకీ రాకపోతే తాతయ్య ఇంట్లో కూర్చుని ఇత్తడి ముక్కను ఆకురాయితో అరగదీసి, పన్ను తర్వాత పన్ను తీర్చి, అచ్చం అలాంటి చక్రమే చేసి బిగించారు. మిషన్ నడిచింది. పై ఆఫీసరు పిలిపించాడు.

"నిన్ను బాగుచెయ్యమన్నానా, తయారుచెయ్యమన్నానా?"

"పనిచేస్తోంది కదండీ."

"పనిచెయ్యడం కాదయ్యా. అది మన పార్టు అవ్వాలి."

ఆ సాయంత్రం తాతయ్య ఇంటికొచ్చి, పాలు విరిగిపోయాయని చెప్పినంత మామూలుగా ఉద్యోగం మానేశానని చెప్పారట. అమ్మమ్మ ఇప్పటికీ ఆ ముచ్చట చెబుతుంది. "సరే, పాలు విరిగితే ఏం చేస్తాం? ఇంకో గిన్నె పొయ్యి మీద పెడతాం. అదే చేశాం," అంటుంది.

ఆ ఇంకో గిన్నె, ఇస్త్రీ షాపు వెనకున్న రేకుల షెడ్డు. గోడకు అవతల బొగ్గుల పెట్టెల వేడి, ఇవతల తాతయ్య, ఒక పాత లేతు మిషను. మీటల మీద అంకెలు అమ్మమ్మ రాసేది. ఆమె రాసే ఏడు కాస్త వెనక్కి వాలి, పడక్కుర్చీలో కూర్చున్న మనిషిలా ఉండేది. తాతయ్య తమ్ముడు మిషన్లకు చెక్కపెట్టెలు చేసి మేకులు కొట్టేవాడు. మాట్లాడేటప్పుడు కూడా పెదాల మధ్య రెండు మేకులుండేవి కాబట్టి మాకందరికీ ఆయన మేకుల తాత. అమ్మకు ఊహ తెలిసే వయసుకి చేతిలో బొమ్మ బదులు ఆకురాయి ఉంది. మావయ్యకు నోరు మంచిది కాబట్టి షాపుల వెంట తిరిగి అమ్మే పని ఆయనది అయింది. షెడ్డు నుంచి సొంత భవనానికి మారినా పనుల పంపకం అదే. కింద వర్క్‌షాపు, పైన ఇల్లు. ఎవరైనా కోపగించుకుని వెళ్ళిపోవాలన్నా మెట్లు ఎక్కడమో దిగడమో తప్ప వేరే దారి లేదు.

లెక్కల మిషన్‌లో కష్టమంతా తొమ్మిది దాటే దగ్గర ఉంటుంది. తొమ్మిదికి ఒకటి కలిపితే ఈ చక్రం సున్నాకి వచ్చి, పక్క చక్రాన్ని ఒక్క అంకె ముందుకు నెట్టాలి. ఆ నెట్టే పని చేసేది బియ్యపుగింజంత పన్ను. అది నెట్టినప్పుడు, మిగతా చప్పుళ్ళన్నీ అయిపోయాక, చిటికెన వేలు మెటిక విరిచినట్టు ఒక చిన్న శబ్దం వస్తుంది. తాతయ్య దాన్ని మెటిక అనేవారు. మెటిక గట్టిగా వినబడితే స్ప్రింగు బిగువెక్కువ, మెత్తగా వినబడితే పన్ను త్వరలో అరుగుతుంది, అసలు వినబడకపోతే ఆ మిషన్ దృష్టిలో తొమ్మిదీ ఒకటీ కలిపితే సున్నా. ఆ మాట ఇంట్లోకీ వచ్చేసింది. అమ్మ ఏదైనా పెద్ద సంగతి చుట్టూ తిప్పి చెబుతుంటే అమ్మమ్మ, "అంతా బాగానే ఉంది గానీ మెటిక వినబడలేదే," అనేది.

తయారైన ప్రతి మిషనూ కిటికీ పక్క టేబుల్ మీదికి వచ్చేది. తాతయ్య చెవి ఆన్చి వినేవారు. అద్దం వైపు మాత్రం చూసేవారు కాదు; అంకె ఇవాళ్టి సంగతే చెబుతుంది, మెటిక రేపటిది కూడా చెబుతుందనేవారు. బాగుందనుకుంటే మిషన్ అడుగున సన్నని కుంచెతో ఆవగింజంత ఎర్రచుక్క పెట్టేవారు. చుక్క పడ్డాక దాన్ని మళ్ళీ ఎవరూ విప్పకూడదు. షెడ్డు రోజుల్లో ఒక మెకానిక్ ఎవరికో గొప్పగా చూపిద్దామని, తాతయ్య విని పక్కన పెట్టిన మిషన్ని విప్పి, బిగించేటప్పుడు ఒక స్క్రూ లోపల వదిలేశాడు. కొన్నవాడి కౌంటర్ మీద అది బిగుసుకుపోయింది. "చుక్క పడ్డాక అది మనది కాదు, కొన్నవాడిది. ఎదుటివాడి మిషన్ని విప్పడానికి మనమెవరం?" అన్నారు తాతయ్య. అప్పటి నుంచి అదే పద్ధతి. ఏ పెట్టెలో ఏ మిషన్ ఉందో గుర్తుపెట్టే అలవాటు కూడా మాకు లేదు. చుక్క ఉంటే అన్నీ ఒకటే.

తాతయ్య చెవి సంగతి మొదట గమనించింది అమ్మ. వర్క్‌షాపు వెనక సగానికి ఇంకా రేకుల కప్పే. వాన వస్తే రేకు మీద మొదటి చినుక్కే తలెత్తే మనిషి, ఆ ఏడు అందరూ తలెత్తాక తలెత్తారు. ఫోను మోగితే, "నువ్వు మాట్లాడు, నాకు చేతినిండా పని," అనడం మొదలుపెట్టారు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడే ఆయన, ఇప్పుడు వాళ్ళ మూతి వైపు చూడసాగారు. అమ్మ ఈ మాట అమ్మమ్మ దగ్గర ఎత్తితే ఆమె కొట్టిపారేసింది.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నా మాట ఆయనకి వినబడదు. ఇదేం కొత్తా?"

సరిగ్గా అప్పుడే బస్సు కంపెనీ ఆర్డరు వచ్చింది. వాళ్ళ కౌంటర్లన్నిటికీ మా మిషన్లే కావాలన్నారు. అంత పెద్ద ఆర్డరు మా కంపెనీకి అంతకు ముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. షరతు ఒక్కటే: ఒక్క మిషన్ తప్పు చెప్పినా మొత్తం వెనక్కి పంపేస్తారు. ఆ రోజు మావయ్య అమ్మను వెనక గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"అక్కా, నాన్నకి వినబడుతోందా లేదా?"

"నన్నడుగుతావేంరా? వెళ్ళి ఆయన్నే అడుగు."

"నువ్వంటే ఆయనకి ముద్దు. నువ్వడుగు."

"ముద్దున్నవాళ్ళే అడగాలని ఎక్కడైనా ఉందా? బజారంతా తిరిగి మిషన్లు అమ్ముతావు, ఇంట్లో ఒక్క మాట అడగలేవా?"

"బజారులో వాళ్ళు నా నాన్నలు కాదుగా."

ఇద్దరూ అడగలేదు. అడగకుండా తెలుసుకునే దారి మావయ్యకు తోచింది. ఒక మిషన్‌లో మెటిక పన్ను అరగదీసి, మిగతావాటితో కలిపి ఆయన ముందు పెట్టాలి. ఆయన పట్టుకుంటే ఇక అడిగే పనే లేదు.

"పట్టుకోకపోతే?" అంది అమ్మ.

"అప్పుడు చూద్దాంలే."

అప్పుడు ఏం చూస్తారో ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు. అమ్మ ఆకురాయి తీసుకుంది. తనకు తెలిసిన పనంతా తాతయ్య నేర్పిందే. చక్రాన్ని వైసులో బిగించి ఆ పన్నును నున్నగా, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు అరగదీసింది. నాన్న పట్టుకుంటారు, పట్టుకుని అందరి ముందూ నన్ను తిడతారు, అనుకుంటూ చేశానని తర్వాత ఎప్పుడో చెప్పింది. తిట్లు తినాలని అంత ఆశపడ్డ రోజు తన జీవితంలో ఇంకొకటి లేదట.

ఆ మిషన్ని వరసలో చివర పెట్టారు. తాతయ్య ఒక్కొక్కటే విని చుక్క పెట్టుకుంటూ వచ్చారు. చివరిదాని దగ్గర ఎక్కువసేపు ఆగారు. చెవి తీసి, మళ్ళీ పిడి లాగి, మళ్ళీ ఆన్చారు. అమ్మ చూస్తోంది. ఆయన తలెత్తి కిటికీలోంచి రోడ్డు వైపు చూశారు. తర్వాత కుంచె ముంచి చుక్క పెట్టారు.

మేకుల తాత అప్పటికే వచ్చి నిలబడ్డాడు. "ఈ వరసేనా అన్నయ్యా?" అంటూ ఒక్కొక్కటీ ఎత్తుకోసాగాడు.

అమ్మ నోరు తెరిచింది. "బాబాయ్, ఆ చివరిది..."

తాతయ్య ఆమె మూతి వైపే చూస్తున్నారు. "చివరిదానికేం?"

"ఏం లేదు నాన్నా. జాగ్రత్తగా దింపమంటున్నా."

"జుట్టు నెరిసేదాకా దింపుతూనే ఉన్నాను తల్లీ," అన్నాడు మేకుల తాత మేకుల మధ్య నుంచి. "ఇవాళే కొత్తగా చెప్తున్నావు."

భోజనాల తర్వాత తాతయ్య నిద్రపోతారు, అప్పుడు తీసేద్దామనుకున్నారు అక్కాతమ్ముళ్ళు. కానీ ఈలోపే మందుల షాపాయన వ్యాను వచ్చి, ఎప్పుడో చెప్పి ఉంచిన ఒక మిషన్ని తీసుకెళ్ళిపోయింది. మధ్యాహ్నం వాళ్ళు వెళ్ళేసరికి పెట్టెలన్నీ మేకులు కొట్టేసి ఒకేలా ఉన్నాయి. విప్పుదామంటే మేకుల తాత అడ్డం నిలబడ్డాడు.

"చుక్క పడ్డవాటిని విప్పడమేంటి? మతి పోయిందా? అన్నయ్యని పిలుస్తానుండు."

"పిలవకు బాబాయ్, నీకు దణ్ణం పెడతాను," అంది అమ్మ. సంగతి చెప్పింది. ఆయన పెదాల మధ్య నుంచి మేకులు తీసి జేబులో వేసుకుని, పెట్టెలు ఊడదీయడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో చుక్క పడ్డ మిషన్ల పెట్టెలు విప్పడం అదే మొదటిసారి. ఒక్కొక్కటే పిడి లాగి వింటే అన్నిటిలోనూ మెటిక ఉంది. అంటే లేనిది మందుల షాపుకి వెళ్ళిందన్నమాట.

ఫోను చేసి చెప్పేస్తే అయిపోయేది. ఫోను తాతయ్య టేబుల్ మీద ఉంటుంది. ఆయన నిద్ర లేచి వచ్చి అక్కడే కూర్చున్నారు. పక్కనే నిలబడి ఎంత మాట్లాడినా ఆయనకు వినబడదు. ఇప్పుడది ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా ఆ రోజు గానీ, మర్నాడు గానీ ఇద్దరిలో ఎవరి చెయ్యీ ఫోను మీదికి పోలేదు.

ఆ వారంలోనే మందుల షాపాయన మిషన్ని చంకన పెట్టుకుని వచ్చాడు. తాతయ్య దగ్గర మొదట్లో కొన్నవాళ్ళలో ఆయనొకడు. నాలుగు మాటలు మాట్లాడితే అందులో రెండు హాస్యానికే.

"ఇంజనీరు గారూ, మీ మిషన్ మా బావమరిదిలా తయారైందండీ. తొమ్మిది దాకా బానే చేస్తుంది, పది అనేసరికి చేతులెత్తేస్తుంది. దగ్గు మందుకొచ్చిన ముసలమ్మ నోటితో లెక్కేసి నాకు చెప్పింది. షాపులో పరువు పోయింది."

అందరూ నవ్వారు. తాతయ్య అందరి మొహాలూ చూసి, ఒక క్షణం ఆలస్యంగా నవ్వారు. మిషన్ని ముందుకు లాక్కున్నారు. తొమ్మిది, ఒకటి. అద్దంలో సున్నా. నవ్వు ఆగిపోయింది. స్క్రూడ్రైవర్ తీసుకుని మూత ఆయనే విప్పారు.

"లారీలో... అదే, వ్యాన్‌లో కుదుపులకి పన్ను విరిగుంటుంది నాన్నా," అన్నాడు మావయ్య ఆయన ఎదురుగా వచ్చి, పెదాలు బాగా కదుపుతూ.

"విరిగితే ముక్క లోపలే ఉండాలి. అంచు గరుగ్గా ఉండాలి. దీన్ని ఎవరో తీరిగ్గా కూర్చుని అరగదీశారు."

"ఎవడు వాడు?" అని అరిచాడు మేకుల తాత. అరిచాక తనకు తెలుసని గుర్తొచ్చి తల దించుకున్నాడు.

తాతయ్య చక్రాన్ని వెలుతురు వైపు తిప్పి భూతద్దంలో చూశారు. ఆకురాయి పట్టిన చోట వెంట్రుకల్లాంటి గీతలు మిగులుతాయి. కుడిచేతి వాటం వాళ్ళవి ఒక వైపు వాలితే ఎడమచేతి వాటం వాళ్ళవి రెండో వైపు వాలతాయి. మా వర్క్‌షాపులో ఎడమచేతి వాటం అమ్మ ఒక్కదానికే. ఆయన భూతద్దం కింద పెట్టి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"తప్పు మాదేనండీ. ఇంకోటి తీసుకెళ్ళండి," అని మందుల షాపాయన్ని పంపించేశారు. తర్వాత అమ్మ వైపు తిరిగారు.

"వరసలో ఎక్కడ పెట్టావమ్మా?"

అమ్మ ఏదో గొణిగింది.

"మెల్లిగా చెప్పు. నాకు కనబడేలా చెప్పు."

"చివర."

ఆయన తలూపారు. "చివరిదాని దగ్గర అనుమానం వచ్చింది. కానీ నాకు అన్నిటి దగ్గరా అనుమానమే వస్తోంది. దేన్ని ఆపను? ఒకదాన్ని ఆపితే ఎందుకాపావంటారు. అన్నిటినీ ఆపితే ఇల్లు ఎలా నడుస్తుంది?"

"ఎప్పట్నుంచి నాన్నా?"

"మూత మీద చెయ్యి పెడితే కొంత తెలిసేది. ఈ మధ్య అదీ తెలియట్లేదు." చక్రం అంచును వేలితో తడిమి అన్నారు: "బాగా తీశావు పన్ను. నున్నగా. నేనైనా అంత నున్నగా తియ్యలేను."

అమ్మ ఏడ్చింది. తిట్టమని అడిగింది. ఆయనకు అది వినబడిందో, కనబడిందో, లేదో తెలియదు. ఎర్రరంగు సీసా, కుంచె తీసి ఆమె ముందుకు చాపారు. అమ్మ చిన్నపిల్లలా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నాకొద్దు నాన్నా. మీరే పెట్టండి. నేను ముందే వినేసి మీకు ఇస్తాను. ఎవరికీ తెలియదు."

"నాకు తెలుస్తుంది కదమ్మా."

మాటలు విని పై నుంచి దిగొచ్చిన అమ్మమ్మ మెట్ల దగ్గరే నిలబడిపోయింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషికి ఆ రోజు హాస్యం రాలేదు. "తీసుకోవే," అంది చివరికి. "ఎంతసేపని పట్టుకుని నిలబడతారు ఆయన?"

అమ్మ తీసుకుంది. తాతయ్య మందుల షాపు మిషన్ మూత మళ్ళీ బిగించసాగారు.

"ఆ పన్ను మార్చేస్తాను, ఇటివ్వండి. ఎంతసేపు పని?" అంది అమ్మ.

"చుక్క పడిందమ్మా," అన్నారు తాతయ్య.

బస్సు కంపెనీ ఆర్డరు పూర్తయింది. ఒక్క మిషన్ కూడా వెనక్కి రాలేదు. ఆ రోజు తర్వాత తయారైనవాటన్నిటి మీదా అమ్మ పెట్టిన చుక్కలే. మొదటి రోజు అవి ఆవగింజలకి బదులు మిరియాలంత పడ్డాయి. మావయ్య తాతయ్యకు చెవి మిషన్ కొనుక్కొచ్చాడు. దాన్ని పెట్టుకుంటే ఫ్యాను రొద, సుత్తి దెబ్బలు, రోడ్డు మీది హారన్లు, అన్నీ ఒకేసారి మీదపడేవి. వాటి కింద మెటిక నలిగిపోయేది. "ఎవడు చేశాడో గానీ, వినకుండానే బయటికి పంపాడు," అని తాతయ్య దాన్ని సొరుగులో పడేశారు.

మరికొన్నాళ్ళకు బ్యాటరీ మిషన్లు వచ్చాయి. ముందు ఆఫీసులు, తర్వాత బస్సు కంపెనీ, ఆఖరికి మందుల షాపాయన కూడా మారిపోయాడు. పాపం, ఆయన మారినట్టు చెప్పడానికి మొహం చెల్లక చాలా రోజులు మా వీధిలోకే రాలేదు. మావయ్య అలాంటి మిషన్ ఒకటి తెచ్చి టేబుల్ మీద పెడితే తాతయ్య తొమ్మిది, ఒకటి నొక్కి అలవాటుగా చెవి ఆన్చారు. తలెత్తి అమ్మను అడిగారు.

"నీకేమైనా వినబడిందా?"

"లేదు నాన్నా. వీటికి చప్పుడుండదు."

"నిజంగా ఉండదా, నా కోసం అంటున్నావా?"

"నిజంగా ఉండదు నాన్నా."

ఆయన మావయ్య వైపు చూశారు. మావయ్య కూడా ఉండదన్నాడు. మేకుల తాతను అడిగారు. ఆయనా ఉండదన్నాడు. తాతయ్య ముగ్గురి మొహాలూ చూసి సరేనన్నారు. నమ్మలేదు. నమ్మించడానికి వాళ్ళ దగ్గర ఇంకే దారీ లేదు.

ఇప్పుడు మా కంపెనీలో మిషన్లు తయారు కావు. ఎక్కడో తయారైన బిల్లు మిషన్లను మావయ్య అమ్ముతాడు, అమ్మ బాగుచేస్తుంది. మేకుల తాత అట్టపెట్టెలకు టేపు అంటిస్తాడు. తాతయ్యకు ఈ ఏడు ఎనభై ఒకటి నిండాయి. కిటికీ పక్క టేబుల్ మీదున్నది మందుల షాపాయన తిరిగి తెచ్చిన మిషన్. దాని పన్ను ఇంతవరకూ ఎవరూ మార్చలేదు.